ఇసుక పొదిగిన పిల్లలు

కోడి గుడ్లను ఎన్నాళ్లు పొదుగుతుందర్రా? 21 రోజులు. ఆ మూడు వారాలూ మేతకు లేచినా పట్టుమని పావుగంట బయట ఉండదు. గుడ్డు చల్లబడితే లోపలి పిల్ల దక్కదని దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే గుడ్లు పెట్టేసి వెనక్కి తిరిగైనా చూడకుండా వెళ్లిపోయే తల్లులు కూడా కొన్ని ఉన్నాయి. వాటి గుడ్లను పొదిగి పెట్టేది సముద్రపొడ్డున ఉండే ఇసుక. ఇవాళ మీకు ఆ కబుర్లు చెబుతాను.

అందుకు కాస్త దూరం పోవాలి. భారతదేశం పటం తీయండి. మన దేశానికి దక్షిణపు కొస ఏదంటే చాలామంది కన్యాకుమారి అనేస్తారు. అది ప్రధాన భూభాగానికి కొస. దేశం మొత్తానికి కొస మాత్రం బంగాళాఖాతం అవతల, నికోబార్ దీవుల్లో అన్నిటికన్నా దక్షిణంగా ఉన్న గ్రేట్ నికోబార్‌లో ఉంది. దాన్ని ఇందిరా పాయింట్ అంటారు. భూమధ్యరేఖకు ఏడు డిగ్రీలు కూడా దూరం లేదు. అక్కణ్ణించి చెన్నై సుమారు 1,600 కిలోమీటర్లు. ఇండోనేషియా వాళ్ల సుమాత్రా మాత్రం 150 కిలోమీటర్ల పైచిలుకే.

వెళ్లడం తేలిక కాదు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ ఉంది. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. చేపల వేట కోసం, కూలి పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ బోలెడు. ఆ ఊరి నుంచి ఇంకో ఓడ పట్టుకుని, మరో 500 కిలోమీటర్ల పైచిలుకు దక్షిణానికి పోతే గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే వస్తుంది. 1969 మొదలు కొన్నేళ్లపాటు ప్రభుత్వం మాజీ సైనికులకు భూములిచ్చి అక్కడ కాపురం పెట్టించింది. పంజాబీలు, మరాఠీలు, తమిళులతోపాటు మన ఆంధ్ర సైనికులూ వెళ్లారు. వాళ్లకన్నా ఎన్నో తరాల ముందు నుంచి తీరం వెంట నికోబారీలు, అడవి లోపల షోంపెన్‌లు ఉంటున్నారు. షోంపెన్‌ల జనాభా కొన్ని వందలు మాత్రమే. వాళ్లుండే చోటికి మనం అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. అది చట్టం, మర్యాద కూడా.

సరే, ఇసుక దగ్గరికి వద్దాం. గుప్పెడు ఇసుక తీసి భూతద్దం కింద పెట్టారనుకోండి. అంతర్వేది ఇసుకైతే అది గోదావరి మోసుకొచ్చింది. కొండరాళ్లు అరిగి అరిగి మిగిలిన క్వార్ట్జ్ గింజలే అందులో ఎక్కువ. భీమిలి వైపు అల వెనక్కి పోయాక నల్లటి చారలు కనిపిస్తాయే, అవి ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలు. అండమాన్ నికోబార్ దీవుల్లో చాలాచోట్ల ఇసుక అలా రాళ్ల నుంచి రాలేదు. అందులో పగడాల తునకలు, గవ్వల ముక్కలు, కంటికి ఆనని జీవుల గుల్లలు కనిపిస్తాయి. ఒకప్పుడు అదంతా ప్రాణం ఉన్నదే. పారెట్ ఫిష్ అనే చేపలు పగడపు దిబ్బల మీది నాచును కొరుక్కు తింటూ రాయిని కూడా నమిలి మింగేస్తాయి. కడుపులోంచి అది మెత్తటి తెల్లటి ఇసుకై బయటికొస్తుంది. అలా పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక తయారుచేస్తుంది.

ఇసుక ఎలాంటిదైనా దానికో గుణం ఉంది. మిట్టమధ్యాహ్నం పైపొర అరికాళ్లు బొబ్బలెక్కేలా కాలుతుంది. రాత్రయ్యేసరికి చల్లబడుతుంది. చేయి పట్టేంత లోతున తవ్వి చూస్తే అక్కడ పగలైనా రాత్రైనా ఒకటే వేడి. గింజల మధ్య చిక్కుకున్న గాలి, వేడిని గబగబా కిందికి దిగనివ్వదు, ఉన్న వేడిని పైకి పోనివ్వదు. ఆ గాలే లోపల ఉన్నవాటికి ఊపిరి. కాస్త తేమ కూడా ఉంటుంది. గుడ్డుకు ఇంతకన్నా ఏం కావాలి?

ఈ సంగతి కోట్ల ఏళ్లుగా వాడుకుంటున్న జీవి లెదర్‌బ్యాక్ తాబేలు. గ్రేట్ నికోబార్ దక్షిణాన గలాథియా అనే నది సముద్రంలో కలిసేచోట ఓ అఖాతం ఉంది. హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో ఈ తాబేళ్లు గుడ్లు పెట్టే ముఖ్యమైన చోట్లలో అదొకటి. నవంబరు నుంచి మార్చి దాకా, రాత్రిపూట వస్తాయి.

మన వైపు ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు మహా అయితే 50 కిలోల లోపు. లెదర్‌బ్యాక్ సంగతి వేరు. పెద్ద తాబేలు 500 కిలోలు కూడా తూగుతుంది. 1988లో బ్రిటన్‌లోని వేల్స్ తీరానికి కొట్టుకొచ్చిన ఓ మగ తాబేలు 916 కిలోలు తూగింది. దీనికి గట్టి డిప్ప ఉండదు. నల్లటి తోలు, దానికింద కొవ్వు, ఎముక పలకలు, వీపు పొడవునా ఏడు గట్లు. వెయ్యి మీటర్లకు మించిన లోతుకు మునగగలదు. తినేది చూస్తే జెల్లీచేపలు! వాటిలో నీళ్లు తప్ప పెద్దగా ఏమీ ఉండదు కదా, అందుకే రోజూ కుప్పలు కుప్పలుగా తినాలి. జారిపోకుండా గొంతు నిండా లోపలికి వంగిన ముళ్లున్నాయి. పాలిథిన్ సంచి నీళ్లలో తేలుతుంటే అదీ జెల్లీచేపే అనుకుని మింగుతుంది. ముళ్లు లోపలికే వంగి ఉన్నాయి గనక మళ్లీ కక్కడానికి వీలుండదు. మనం బీచ్‌లో పారేసిన సంచి ఎక్కడికి పోయిందో అని ఎప్పుడైనా ఆలోచించారా?

ఇంకో వింత. తాబేలు చల్లటి నెత్తురు జంతువని పాఠంలో చదివారు. లెదర్‌బ్యాక్ ఉత్తర అట్లాంటిక్‌లో మంచు కరిగే నీళ్ల దాకా వెళ్లి మేస్తుంది. 1972లో శాస్త్రవేత్తలు ఒకదాని ఒంటి వేడి కొలిచారు. నీళ్లు 7.5 డిగ్రీలు ఉంటే దాని ఒళ్లు 25.5 డిగ్రీలు ఉంది! ఒళ్లు పెద్దది గనక వేడి త్వరగా పోదు. పైన కొవ్వు కప్పు. తెడ్లలాంటి కాళ్లలోకి పోయే వేడి నెత్తురు నాళాలూ, చల్లబడి తిరిగొచ్చే నాళాలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పోయే నెత్తురు తన వేడిని వచ్చే నెత్తురుకు ఇచ్చేసి వెళుతుంది. వేడి కాళ్ల చివరిదాకా పోయి సముద్రంలో కలిసిపోకుండా, ఒంట్లోకే తిరిగొస్తుంది.

అంత సముద్రపు జీవీ గుడ్లు పెట్టాలంటే నేల మీదికి రావాల్సిందే. గుడ్డులోని పిల్ల గాలి పీల్చుకోవాలి, నీళ్లలో పెడితే ఊపిరాడక చస్తుంది. అందుకే ఆ అయిదు వందల కిలోల ఒళ్లును ఇసుక మీద ఈడ్చుకుంటూ, ఆగుతూ, నిట్టూరుస్తూ, పోటు నీళ్లు అందని చోటు దాకా పాకుతుంది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటాయి. ఏడుపు కాదు లెండి. సముద్రపు ఉప్పును కంటి దగ్గరి గ్రంథులు అలా బయటికి పంపేస్తాయి.

గొయ్యి తవ్వే తీరు చూడాలి. ముందుకాళ్లతో పైనున్న పొడి ఇసుక చిమ్మి తన ఒళ్లు కుదురుకునేంత చోటు చేసుకుంటుంది. తర్వాత పని వెనక్కాళ్లది. ఒక వెనక్కాలు కొస మడిచి, గుండ్రంగా చేసి, కిందికి దించి గుప్పెడు తడి ఇసుక ఎత్తుతుంది. చిందకుండా పైకి తెచ్చి పక్కన జాగ్రత్తగా పెడుతుంది. వెంటనే రెండో కాలు గొయ్యి అంచున ఉన్న ఇసుకను దూరంగా చిమ్మేసి, తన వంతు లోపలికి దిగుతుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడదు, చూడటానికి మెడ తిరగదు కూడా. కాళ్లకు అందినంత లోతు, అంటే 70, 80 సెంటీమీటర్లు, తవ్వాక గుడ్లు వదలడం మొదలెడుతుంది. తెల్లటి మెత్తటి గుడ్లు, ఒక్కోటి అయిదు సెంటీమీటర్ల పైనే ఉంటుంది. 80 వరకూ పిల్లలయ్యే గుడ్లు, వాటిపైన పచ్చసొన లేని చిన్న గుడ్లు కొన్ని. ఆ సొన లేనివి ఎందుకన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తోంది. పెట్టాక ఇసుక కప్పి, తొక్కి, చుట్టూ అంతా చిందరవందర చేసి గొయ్యి ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా చేస్తుంది. అయిపోయింది. సముద్రంలోకి వెళ్లిపోతుంది. పది రోజులకు ఇంకో గొయ్యి తవ్వడానికి వస్తుందేగానీ, ఈ గొయ్యి ముఖం మళ్లీ చూడదు.

ఇక రెండు నెలలు ఇసుకదే పని. ఇసుక పొదగడంతో ఆగదర్రా. ఆ పిల్లలు ఆడవా మగవా అన్నది కూడా అదే తేలుస్తుంది! గొయ్యి సుమారు 29 డిగ్రీలకు కాస్త ఎక్కువుంటే ఆడవి, కాస్త తక్కువుంటే మగవి ఎక్కువగా పుడతాయి. చెట్టు నీడ పడే చోటా, ఎండ తగిలే చోటా, వాన పడిన వారమూ, పడని వారమూ ఇలా తేడాలుండబట్టే రెండు రకాలూ పుడుతున్నాయి. భూమి వేడెక్కిపోతోందని పెద్దలు గాబరా పడటంలో ఇదీ ఒక కారణం. డిగ్రీ రెండు డిగ్రీలు మనకు లెక్కలోకి రావు. గొయ్యిలో మాత్రం అన్నదమ్ములు లేని తరం పుట్టొచ్చు.

పిల్లలన్నీ కలిసి పైకి తవ్వుకుంటాయి. పైపొర వేడిగా తగిలితే ఆగిపోతాయి. చల్లబడ్డాక, అంటే రాత్రి, ఒక్కసారిగా బయటపడతాయి. వెనక అడవి నల్లగా ఉంటుంది. ముందు సముద్రం మీద ఆకాశపు వెలుగు. వెలుగున్న వైపుకే పరుగు. ఒడ్డున ఒక్క కరెంటు దీపం వెలిగితే చాలు, అటు పోయి తెల్లారేసరికి ఎండలో మాడిపోతాయి. కొన్నిటిని పీతలు లాక్కుపోతాయి, కొన్నిటిని పక్షులు ఏరుకుంటాయి. మిగిలినవి కెరటాలకు ఎదురీది లోపలికి పోతాయి.

ఇవి గ్రేట్ నికోబార్‌లో ఇంత బాగా గుడ్లు పెడతాయని ప్రపంచానికి చెప్పినాయన సతీష్ భాస్కర్. మద్రాసు ఐఐటీలో ఇంజనీరింగ్ చదువు మధ్యలో వదిలేసి, 1970లలో తాబేళ్ల వెంటపడ్డాడు. మన దేశపు తీరాలను వేల కిలోమీటర్లు నడిచి చూశాడు. అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు, జీపీఎస్ లేదు. 1982 వానాకాలంలో లక్షదీవుల్లోని సుహేలీ దీవిలో ఒక్కడే నెలల తరబడి ఉండిపోయాడు. వానలు తగ్గేదాకా పడవ రాదు. భార్యకు ఉత్తరం రాసి సీసాలో పెట్టి సముద్రంలోకి విసిరేశాడు. అది కొట్టుకుపోయి శ్రీలంక ఒడ్డున ఒక జాలరికి దొరికింది. ఆ మంచివాడు దాన్ని పోస్టు చేశాడు, ఆవిడకు అందింది కూడా. 2023లో భాస్కర్ పోయారు. ఇప్పుడు మనకు తెలిసిన భారతదేశపు తాబేళ్ల చరిత్రకు ఆయన కాళ్లే పునాది వేశాయి.

ఆయన తర్వాతి తరం వాళ్లు తాబేళ్ల వీపు మీద ఉపగ్రహానికి సంకేతాలు పంపే పరికరాలు అమర్చారు. బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్త కార్తీక్ శంకర్ బృందం 2011 నుంచి లిటిల్ అండమాన్‌లో ఈ పని చేసింది. గుడ్లు పెట్టాక కొన్ని తాబేళ్లు ఆగ్నేయంగా ఆస్ట్రేలియా వైపు పోయాయి. కొన్ని మొత్తం హిందూ మహాసముద్రం దాటి మడగాస్కర్, మొజాంబిక్ వైపు చేరాయి. వాటికి దారి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. భూమి అయస్కాంత క్షేత్రాన్ని సముద్రపు తాబేళ్లు గుర్తుపట్టగలవని ప్రయోగాల్లో తేలింది.

తాబేలంటే సరీసృపం. పక్షి కూడా పొదగకుండా ఉంటుందా అంటారేమో. ఉంటుంది! అదే ఒడ్డున, అడవి అంచున నికోబార్ మెగాపోడ్ అనే పక్షి ఉంది. నికోబార్ దీవుల్లో తప్ప లోకంలో మరెక్కడా లేదు. కోడి అంత ఉంటుంది, గోధుమరంగు, మొహం మీద ఈకల్లేని ఎర్రటి చర్మం, ఒంటికి మించిన పెద్ద పాదాలు. ఆ పాదాలతో ఇసుక, ఎండుటాకులు, పుల్లలు, పగడపు ముక్కలు వెనక్కి తన్ని తన్ని కొన్ని మీటర్ల అడ్డు కొలత ఉండే దిబ్బ కడుతుంది. అందులో గుంత చేసి గుడ్డు పెట్టి పూడ్చేస్తుంది.

మరి వేడెక్కణ్ణించి? మీ నాయనమ్మ పుట్టింటి దొడ్లో పెంటకుప్ప చూశారుగా. పుష్యమాసంలో పొద్దున్నే పలుగుతో పెళ్లగిస్తే ఆవిరి లేస్తుంది. చెయ్యి పెట్టలేం. ఆకులూ పేడా తిని బతికే బాక్టీరియా, శిలీంధ్రాలు పుట్టించే వేడి అది. మెగాపోడ్ దిబ్బలోనూ సరిగ్గా అదే జరుగుతుంది. అక్కడ వానలకు కొదవ లేదు, కుళ్లడానికి ఆకులకూ కొదవ లేదు. వేడి తగ్గకుండా పక్షులు కొత్త ఆకు ఎగదోస్తూ, దిబ్బను కెలుకుతూ ఉంటాయి. సుమారు 33 డిగ్రీల వేడిలో రెండు నెలలకు పైగా గుడ్డు పండుతుంది. గుడ్డు పెద్దది, సొన ఎక్కువ. అందుకే పిల్ల బాగా ఎదిగి, ఈకలన్నీ వచ్చాకే బయటపడుతుంది. మట్టి కింద పుట్టి, తానే తవ్వుకుని పైకొచ్చి, రెక్కలు దులుపుకుని అడవిలోకి పరిగెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఎగురుతుంది. తల్లిని ఎప్పుడూ చూడదు. తాను దిబ్బ కట్టాల్సి వచ్చినప్పుడు ఎవరూ నేర్పకుండానే కడుతుంది. రవి శంకరన్ అనే పక్షిశాస్త్రవేత్త 1990లలో ఆ దీవులన్నీ తిరిగి ఈ దిబ్బలు లెక్కపెట్టారు. దాదాపు అన్నీ సముద్రానికి దగ్గర్లోనే ఉన్నాయి.

అక్కడి కొబ్బరి పీత సంగతి కూడా ఓ ముక్క చెప్పాలి. నేల మీద బతికే పీతల్లో ఇంతకన్నా పెద్దది లేదు, నాలుగు కిలోల దాకా తూగుతుంది. ఆ డెక్కలతో కొబ్బరికాయ టెంక చీలుస్తుంది. చిత్రమేమిటంటే దీన్ని నీళ్లలో ముంచితే ఊపిరాడక చచ్చిపోతుంది. కానీ దాని గుడ్లు పొదగాలంటే సముద్రం తగలాలి. ఆడపీత గుడ్లను కడుపు కింద మోసుకుంటూ ఒడ్డుకొచ్చి, అల తగిలేలా వదులుతుంది. ఉప్పునీరు తగలగానే అవి పగులుతాయి. పిల్లలు సముద్రంలో కొన్ని వారాలు తేలి, తర్వాత చిన్న గుల్ల తొడుక్కుని గట్టెక్కుతాయి.

చూశారా, మూడింటి బతుకూ ఆ సన్నటి ఒడ్డు మీదే ఆధారపడి ఉంది. అలాంటి ఒడ్డు 2004 డిసెంబరు 26న మునిగిపోయింది. సునామీ మీకు తెలుసు. దానితోపాటు జరిగిన ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నీళ్లు పైకి రావడమే కాదు, నేల కిందికి దిగింది. సముద్రం కింద భారత ఫలకం తూర్పు ఫలకం కిందికి దూరుతోంది. రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నంతకాలం పై ఫలకం అంచు కిందికి దిగుతూ, దాని వెనక భాగం ఉబ్బుతూ ఉంటుంది. పట్టు వదిలిన క్షణాన అంచు పైకి లేస్తుంది, ఉబ్బింది దిగిపోతుంది. ఉత్తర సెంటినల్ దీవి దగ్గర పగడపు దిబ్బలు నీళ్ల పైకి తేలాయి. గ్రేట్ నికోబార్ దిగిపోయే భాగంలో ఉంది. ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. గట్టు మీద ఉండాల్సిన దీపస్తంభం సముద్రంలో నిలబడింది. తీరం వెంట ఉన్న ఊళ్లు, నికోబారీల ఇళ్లు, వందల ప్రాణాలు పోయాయి. అది తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, గలాథియా ఇసుక మొత్తం కొట్టుకుపోయింది. మెగాపోడ్‌లు సగానికి పైగా తగ్గిపోయాయి.

అయినా తాబేళ్లు మళ్లీ వచ్చాయి. ఎందుకంటే ఆడతాబేలు ఏటా గుడ్లు పెట్టదు. రెండు మూడేళ్లకోసారి వస్తుంది. ఆ డిసెంబరులో చాలా తాబేళ్లు మడగాస్కర్ వైపో ఆస్ట్రేలియా వైపో మేస్తున్నాయి. ఈలోగా కెరటాలు, నది కలిసి కొన్నేళ్లలోనే కొత్త ఒడ్డు పేర్చాయి. తాబేలుకు కావాల్సింది పాత ఇసుకే కానక్కర్లేదు. వాలు, లోతు, అడ్డంకి లేని దారి, చీకటి ఉంటే చాలు.

ఇప్పుడు అక్కడికి సునామీ కన్నా మొండిది వస్తోంది. గలాథియా అఖాతంలో పెద్ద కంటెయినర్ రేవు, దానితోపాటు విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, కొత్త పట్నం కట్టాలని తలపెట్టారు. మొదటి అంచనా సుమారు 72,000 కోట్ల రూపాయలు, దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి ఇందులో పోతుంది. మలక్కా జలసంధికి పోయే ఓడల దారి దగ్గర్లో ఉండటం దేశానికి లాభమంటున్నారు, ఆ లాభాన్ని నేను కాదనను. 1997లో తాబేళ్ల కోసమే ప్రకటించిన గలాథియా అభయారణ్యాన్ని 2021 జనవరిలో రద్దుచేశారు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. బదులుగా లిటిల్ నికోబార్‌లో తాబేళ్లకు, మెంచాల్ దీవిలో మెగాపోడ్‌లకు కొత్త అభయారణ్యాలు ప్రతిపాదించారు. అవి కావాల్సినవే. కానీ గలాథియాకు అలవాటుపడ్డ తాబేలు మొజాంబిక్ నుంచి తిరిగొచ్చి, దీపాలు, గోడలు చూసి లిటిల్ నికోబార్‌కు పోతుందని నేను నమ్మను. సునామీ వచ్చి పోయింది, ఇసుక మళ్లీ చేరింది. కాంక్రీటు గోడ కట్టాక ఇసుక చేరే దారే మారిపోతుంది. ఆ రేవును వేరేచోట కట్టొచ్చునేమో, ఆ ఒడ్డును మాత్రం వేరేచోట కట్టలేం. నా మనసులో మాట ఇదే.

అంత దూరం ఎప్పుడు పోతామంటారా? పోనక్కర్లేదు. మన శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా జనవరి మొదలు ఆలివ్ రిడ్లీలు ఒడ్డుకొస్తాయి. అటవీశాఖ వాళ్లు, తీరపు ఊళ్ల కుర్రాళ్లు ఆ గుడ్లను తీసి, కంచె వేసిన హేచరీల్లో అంతే లోతు గోతుల్లో పాతి కాపాడుతున్నారు. మార్చి, ఏప్రిల్‌లలో పిల్లల్ని వదిలేటప్పుడు చూడనిస్తారు. విశాఖలోనూ అలాంటి హేచరీ ఉంది. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు తీసుకెళతాను. కొన్ని సంగతులు ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. టార్చి వద్దు, సెల్‌ఫోన్ లైటు అసలే వద్దు. పిల్లను చేత్తో ఎత్తి నీళ్లలో వేయకూడదు, ఇసుక మీద దాన్ని నడవనివ్వాలి. దాని ముందు నిలబడకూడదు, వెనకే ఉండాలి. మీ అడుగుల గుంటలో పడితే అది ఎక్కలేదు, కాబట్టి అక్కడి వాళ్లు నిలబడమన్న చోటే నిలబడండి. చాక్లెట్ కాగితాలు జేబులోనే ఉంచుకోండి. పొద్దున్నే అయిదింటికి బయల్దేరాలి, ముందురోజు రాత్రి తొందరగా పడుకోండి.